అవతలి మోట

2012 వేసవిలో మా అన్న బుచ్చయ్యను చంపుతున్నది ఊపిరితిత్తుల జబ్బు. ఆయనను బాధపెడుతున్నది మాత్రం భయం. ఈ రెండూ వేరువేరని నాకు చెప్పింది దవాఖానలో ఒక పడుచు డాక్టరు.

"ఇక ఇంటికి తీసుకెళ్లండమ్మా. రెండు నెలలు కావచ్చు, ఇంకా తక్కువే కావచ్చు. ఊపిరి అందకపోతే భయపడతారు, భయపడితే మరీ అందదు. ఎవరో ఒకరు దగ్గర కూర్చోండి. ఏదైనా మ్యూజిక్ పెట్టండి."

ఆమె చెప్పినదంతా నిజమే. ఆ "ఏదైనా" ఒక్కటే నాకు మింగుడు పడలేదు. ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో గీత గీసి రాసిచ్చిన మనిషి, పాట దగ్గరకు వచ్చేసరికి ఏదైనా అన్నది. నేను ముప్పై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పల్లెపాటల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నదాన్ని. ఈ పని మరెవరిదీ కాదనుకున్నాను. అత్తాపూర్‌లో నా ఇంటికి తాళం వేసి, తొండుపల్లిలో అన్న ఇంటికి చేరాను.

ముందు హాల్లోనే ఆయనకు మంచం వేశారు. పక్కన ఆక్సిజన్ యంత్రం, పగలూ రాత్రీ గుర్రుమంటూ. ఆ ఏడాది పగటిపూట కరెంటు రెండు విడతలుగా తీసేవారు. పది నుంచి పన్నెండు వరకు ఒకటి, రెండు నుంచి నాలుగు వరకు మరొకటి. కరెంటు పోగానే గొట్టాన్ని సిలిండర్‌కు ఎలా మార్చాలో అన్న కొడుకు వీరేందర్ నాకూ, మా వదిన అనంతమ్మకూ నేర్పాడు. అతడు ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు, పగలు ఇంట్లో ఉండడు. మార్చడం అర నిమిషం పని. ప్రాణవాయువుకు లోటు లేదు. అయినా యంత్రం చప్పుడు ఆగిన క్షణాన అన్న కళ్లు పెద్దవయ్యేవి. "అయిపాయె, అయిపాయె" అంటూ లేచి కూర్చునేవాడు. కరెంటు తిరిగి వచ్చేదాకా అదే. మదమెక్కిన కోడెను కొమ్ములు పట్టి నిలిపిన మనిషి, రోజుకు నాలుగు గంటలు వణికేవాడు.

ఆయన బతుకు నా చేతిలో లేదు. ఆ నాలుగు గంటలైనా నా చేతిలో ఉండాలని నిశ్చయించుకున్నాను.

మొదట బ్యాటరీతో నడిచే ప్లేయరు తెచ్చి వీణ వినిపించాను. చాలా జాగ్రత్తగా ఎంచుకున్న వాదనం అది. కుదురైన నడక, ఎక్కడా తొందర లేదు. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు.

"ఎట్లున్నదన్నా?"

"మంచిగనే ఉన్నది చెల్లె. వీరేందర్ ఒకపారి ఎయిర్‌పోర్టు కాడ పెద్ద హోటల్ల కూసోవెట్టిండు నన్ను. గాడ గిదే వస్తుండె. సల్లగుండె, మెత్తటి కుర్చీలు." ఊపిరి కోసం ఆగాడు. "ఎంతసేపు కూసున్నా ఎవలు పలుకరియ్యలే."

వదిన భజనల సీడీ పెట్టి చూసింది. "గది సచ్చినంక పెట్టేది. గప్పుడే తొందరా నీకు?" అన్నాడు. ఆమె గబగబా తీసేసి, కొంగుతో కళ్లు తుడుచుకొని, మళ్లీ నవ్వింది.

అప్పుడు నాకు నా పుస్తకం గుర్తుకు వచ్చింది.

1974లో నా పరిశోధన కోసం మోటపాటలు సేకరించాను. మోట అంటే తెలియని పాఠకులు ఇప్పుడు ఎక్కువ కాబట్టి చెబుతాను. బావిలో తోలు బొక్కెన, దానికి మోకు, మోకుకు ఎడ్ల జత. ఎడ్లు ఏటవాలు దారిలో దిగితే బొక్కెన పైకి వచ్చి నీళ్లు కుమ్మరిస్తుంది. ఎడ్లను వెనుకకు నడిపిస్తే బొక్కెన మళ్లీ బావిలోకి దిగుతుంది. తోలేవాడు దిగేటప్పుడు మోకు మీద కూర్చొని పాడతాడు. కరెంటు మోటర్లు వచ్చి ఆ పని ముగిసిపోతున్న చివరి ఏడాది అది. పాటగాడి కోసం నేను దూరం పోనక్కరలేకపోయింది, మా అన్నే పాడేవాడు. బావి ఒడ్డున కూర్చొని నోటుబుక్కులో రాసుకున్నాను.

నాలుగు ప్రశ్నల పాట అది.

*ఎవరు తవ్విన బాయి ఇదిరా, ఎంత లోతున్నాదిరా*
*పొద్దు ఏడికి ఎక్కెరా, పొలము ఎంత పారెరా*
*ఎడ్లు రెండు సొక్కెరా, ఇగ ఇడిచి పోదామా*
*ఆఖరి మడి నిండెనా, గట్టు దాక తడిసెనా*

ఆ పాటకు కొంత పేరు వచ్చింది. సంకలనాల్లో చేరింది. ఒక విమర్శకుడు దాని మీద వ్యాసం రాశాడు. రైతు శూన్యాన్ని ప్రశ్నిస్తున్నాడట, విశ్వం మౌనం వహించిందట, ఆ మౌనమే పాటలోని అసలు కవిత్వమట. ఆ వ్యాసం చదివి నేను సంతోషించాను. ఈ వాక్యం రాయడం నాకు ఇష్టం లేదు.

అచ్చయిన పుస్తకాన్ని ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా మా అన్నకు చదివి వినిపించలేదు. ఆయనకు చదువు రాదు. వినిపించాలన్న ఆలోచన నాకు రాలేదు.

మర్నాడు పది గంటలకు కరెంటు పోయింది. గొట్టం మార్చి, మంచం పక్కన కుర్చీ వేసుకొని, పుస్తకం తెరిచి మొదటి చరణం చదివాను. ఆయన మొహం వెంటనే మారింది. నా వైపు కాదు, ఎడమవైపు తిరిగాడు. ఆ వైపు గోడ తప్ప ఏమీ లేదు. నేను రెండో చరణం అందుకున్నాను.

"ఆగు," చెయ్యెత్తాడు. "ఆయినను అననియ్యి."

"ఎవరినన్నా?"

"ఎవరినంటవేంది? కుర్మయ్యను. ఆయిన జవాబియ్యంది నేను రెండోది ఎట్లంట? ఆయిన మోట దిగకుంటే నా ఎడ్లు ఎనుకకెట్లొస్తయి?"

"ఇందులో అంతే ఉందన్నా."

"గంతేనా?" దగ్గు వచ్చింది. దగ్గు వెనుకే భయం వచ్చింది. వదిన పరుగున వచ్చి వీపు రాసింది. ఆ సందులోనే ఆయన అన్నాడు: "సగమే రాసినవు గదనే పిచ్చిదానా."

ఆయన కుదుటపడిన తరువాత నేను పుస్తకం చివరి పేజీలకు వెళ్లాను. పాట కింద చుక్క గుర్తుతో ఒక గమనిక ఉంది. నేను రాసిందే. "మధ్యమధ్య వినవచ్చు అవతలి మోట తోలువాని కేకలు వదలివేయబడినవి."

మాది రెండు మోటల బావి. ఒక ఒడ్డున మా మోట, ఎదుటి ఒడ్డున కుర్మయ్య వాళ్లది. ఒక జత దిగుతుంటే ఇంకో జత వెనుకకు ఎక్కేది. ఒకడు పాడుతుంటే ఇంకొకడు తన ఎడ్లను అదిలించుకునేవాడు. మా అన్న అడిగేవాడు, కుర్మయ్య చెప్పేవాడు. నేను మా ఒడ్డున కూర్చున్నాను. ఎదుటి ఒడ్డుకు పోవద్దని నన్నెవరూ ఆపలేదు. పోవాలని నాకు తోచలేదు, అంతే. విశ్వం మౌనం ఏమీ వహించలేదు. ఇరవై అడుగుల దూరంలో కుర్మయ్య గొంతెత్తి జవాబు చెబుతూనే ఉన్నాడు.

కుర్మయ్య బుద్వేల్‌లో కూతురి ఇంట్లో ఉంటున్నాడని వదిన చెప్పింది. వీరేందర్ నన్ను క్యాబ్‌లో దింపి డ్యూటీకి వెళ్లిపోయాడు. రేకుల షెడ్డు నీడలో గోనెసంచి పరుచుకొని ఆయన చింతపండులో గింజలు తీస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"పంతులమ్మా! రా, కూసో. బాట మంచిగనే దొరికిందా?"

"దొరికింది. అన్నకు బాగాలేదు కుర్మయ్యా."

"ఎరుకే. మీ ఊరి బాలమల్లు చెప్పిండు."

"తెలిసీ చూడటానికి రాలేదేం?"

"పిలిస్తిరా?" చిన్న సుత్తితో ఒక కాయను కొట్టాడు. "సచ్చినంక ఎట్లనన్న వస్తననుకున్న. గప్పుడు పిలువకున్నా నడుస్తది."

నేను వచ్చిన పని చెప్పాను. పాటలో ఆయన సగం కావాలన్నాను. ఆయన చాలాసేపు గింజలే తీశాడు.

"మా మనుమరాలు మీ పుస్తకం జూసిందమ్మా కాలేజీల. నాకు సదివి ఇనిపిచ్చింది. 'తాతా, అవతలి మోట తోలెటాయిన కేకలు అని రాసిండ్రు, అది నువ్వేనా' అన్నది. కేకలా పంతులమ్మా నేనేసినయి?"

"కావు."

"మరేంది?"

"జవాబులు."

"ఇప్పుడు ఎరుకైందా."

"ఇప్పుడే తెలిసింది. తప్పు నాది."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన దగ్గర ఇంకొకటి పుచ్చుకున్నట్టవుతుంది. ఆయన కూడా దాని కోసం ఎదురుచూసినట్టు కనిపించలేదు. చేతులు తుడుచుకున్నాడు.

"నేనొచ్చి కేకలేస్తే మీ వదినె జడుసుకోదా?"

"జడుసుకుంటే నేను చూసుకుంటాను."

"నువ్వు జూసుకుంటవా! నువ్వు ఎట్ల జూసుకుంటవో ఎరుకైంది గద ముప్పై ఎనిమిదేండ్లు," అని లోపలికి చూసి కేక వేశాడు. "బిడ్డా, నా అంగీ ఇటియ్యి. బుచ్చన్న పిలుస్తున్నడంట."

కుర్మయ్య గడప దాటగానే అన్నను పలకరించలేదు. మంచం చుట్టూ తిరిగి ఎడమవైపుకు వెళ్లి, గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. బావి మీద ఆయన చోటు అటే.

"బుచ్చన్నా," అన్నాడు, "ఇంత ఎండ కొడుతుంటే ఇంక పండుకునే ఉన్నవా? పొలం ఎవలు పారిస్తరు, మీ అయ్యనా?"

అన్న కళ్లు తెరిచాడు. నవ్వబోయాడు, ఊపిరి చాలలేదు. గడియారం రెండు దాటింది. యంత్రం ఆగిపోయింది. నేను గొట్టం మార్చేలోగానే ఆయన మొహంలోకి భయం వచ్చేసింది. కుర్మయ్య దానిని పట్టించుకోలేదు. నా వైపు గడ్డం ఎగరేశాడు.

"ఊ. అడుగు."

"నేనా?"

"మరెవలు? ఆయినకు ఊపిరేది? ఆయిన సగం నీ కాడనే ఉన్నది గద, పుస్తకంల."

నేను చదివాను. *ఎవరు తవ్విన బాయి ఇదిరా, ఎంత లోతున్నాదిరా.* కుర్మయ్య అందుకున్నాడు. డెబ్బై మూడేళ్ల గొంతు, అంచులు అరిగిపోయింది, కానీ ఊపిరి ఎక్కడా తెగలేదు.

*మీ తాత తవ్వె, మా తాత మట్టి మోసె, ఇద్దరి నిలువున్నాదిరా*

అన్న ఛాతీ ఆ చరణం పొడవునా లోపలికి గాలి తీసుకోవడం చూశాను. దిగుతున్నవి కుర్మయ్య ఎడ్లు, ఎక్కుతున్నవి మా అన్నవి.

కుర్మయ్య మాత్రం నన్నే చూస్తున్నాడు.

"సదువుతున్నవు పంతులమ్మా. గట్ల సదివితే ఎడ్లు నడుస్తయా? పండుకుంటయి."

"మరి ఎలా పాడాలి?"

"దారి పొడుగుంటది పాట. ఎడ్లు దిగేదాంక అయిపోవద్దు, దిగినంక ఉండొద్దు. లే. గా తలుపు కాడికి పో. ఆడికెల్లి వంటింటి గోడదాంక ఎన్ని అడుగులు?"

లెక్కపెట్టాను. పన్నెండు.

"సాలు. నడుసుకుంట అను. ఎనుకకొచ్చేటప్పుడు నోరు మూసుకో, అది నా వంతు."

నాకు అరవై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. కొన్ని వందల వేదికల మీద నిలబడి జానపద సాహిత్యంలో లయ గురించి మాట్లాడాను. ఆ మధ్యాహ్నం హాల్లో పన్నెండు అడుగులు ముందుకు నడుస్తూ పాడాను, పన్నెండు అడుగులు వెనుకకు నడుస్తూ విన్నాను. ఆరోసారికో ఏడోసారికో నా చరణం, వంటింటి గోడ ఒకేసారి వచ్చాయి. "ఆఁ," అన్నాడు కుర్మయ్య. అది నాకు ఆ వేసవిలో దొరికిన ఒకే ఒక్క మెప్పు.

అన్న పెదవులు నా చరణంతో కదులుతున్నాయి. నేను వెనుకకు నడిచినప్పుడు గాలి పీలుస్తున్నాడు, ముందుకు నడిచినప్పుడు వదులుతున్నాడు. నాలుగింటికి కరెంటు వచ్చి యంత్రం గుర్రుమన్నది.

"గా చప్పుడు బందు పెట్టుండ్రి," అన్నాడు. "ఆయిన మాట ఇనొస్తలేదు."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు నుంచి వీరేందర్ పొద్దున డ్యూటీకి పోతూ కుర్మయ్యను తెచ్చేవాడు, సాయంత్రం దింపేవాడు. ఒకనాడు ఏదో మరిచిపోయి మధ్యలో ఇంటికి వచ్చి, తలుపు దగ్గర నిలబడిపోయాడు. నేను వెనుకకు నడుస్తూ అతడిని గుద్దుకున్నాను.

"ఏందత్తా గిది? బాపు కోసం పాట పెట్టమంటే నువ్వు కసరత్తు చేస్తున్నవా?"

"జరుగురా. ఎడ్లకు అడ్డమొస్తున్నవు," అన్నాడు మంచం మీది మనిషి. ఆ వారంలో ఆయన ఒక్క ఊపిరిలో అన్న అతి పొడుగు మాట అది.

ఇరుగుపొరుగు రాసాగారు. రోగి ముందు ఈ పాటలేమిటని మొదట మా వదిన సిగ్గుపడింది. తరువాత ఆమే వచ్చినవాళ్లకు చెప్పేది: "జర గోడకు కూసోండ్రి, నడుమల నిలవడొద్దు." ఇంటిమీదుగా విమానం పోతే పాట వినబడేది కాదు. ఆగుదామా అని నేను కళ్లతో అడిగేదాన్ని. కుర్మయ్య ఆగేవాడు కాదు.

ఒక సంగతి మాత్రం నేను మొదటి వారంలోనే గమనించాను. మేము మూడు చరణాలే పాడుతున్నాము. *ఎడ్లు రెండు సొక్కెరా, ఇగ ఇడిచి పోదామా* అని నేను అడగగానే కుర్మయ్య చెప్పేవాడు:

*ఇంకొక్క బొక్కెన తోడరా, ఇంకొక్క మడి ఉన్నాదిరా*

వెంటనే చెయ్యి తిప్పి, మళ్లీ మొదటికి పొమ్మనేవాడు. నాలుగో చరణం నా నాలుక చివర ఉండేది. ఒక సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుంటుంటే బయట అడిగాను.

"నాలుగోది ఎందుకు అడగనియ్యవు?"

"గది పని అయినంక అనేది పంతులమ్మా. నడుమల అంటరా? అంటే ఎడ్ల ఇడువాలె."

"దానికి నీ జవాబు ఏమిటి?"

నీళ్ల చెంబు గోడ మీద పెట్టాడు. "నీ కాడ నోటుబుక్కు ఉన్నదా ఇప్పుడు?"

"లేదు."

"ఉన్నా చెప్పకపోదును. అది బుచ్చన్నకు చెప్పేది."

నాకు కోపం రాలేదు. నలభై ఏళ్లుగా అయినదానికీ కానిదానికీ వచ్చిన కోపం, ఈ చోట రాలేదు. ఆయన చెప్పింది సరైన మాట.

రోహిణి ఎండలు మొదలయ్యేసరికి అన్న తిండి మానేశాడు. మాట తగ్గింది. ఎక్కువసేపు మగతలోనే ఉండేవాడు. కరెంటు పోయినా, వచ్చినా ఆయనకు తెలిసేది కాదు. మాకూ తెలిసేది కాదు. నిజానికి మే నెలాఖరుకు ఆ నాలుగు గంటలకూ మిగతా గంటలకూ తేడా పోయింది. భయం మాత్రం మళ్లీ రాలేదు. ఆ మాట నేను ఖచ్చితంగా రాయగలను. ప్రతిరోజూ అదే చూశాను కాబట్టి.

మృగశిర ఇంకా రాలేదు. ఒక ఉదయం, ఎనిమిది దాటి ఉంటుంది. కుర్మయ్య లోపలికి వస్తూనే మంచం కాళ్లవైపు ఆగాడు. దుప్పటి తొలగించి అన్న పాదం మీద అరచెయ్యి పెట్టి, కొంచెంసేపు ఉంచి, మళ్లీ కప్పాడు. వీరేందర్‌తో, "ఇయ్యాల పోకు బిడ్డా," అన్నాడు. వెళ్లి తన చోటులో కూర్చున్నాడు.

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మొదటిది పాడాను, ఆయన చెప్పాడు. రెండోది పాడాను, ఆయన చెప్పాడు. పొద్దు తాటి నెత్తికి ఎక్కిందన్నాడు, పొలం సగం పారిందన్నాడు. అన్న ఊపిరి పైపైన, చాలా తక్కువగా ఉంది. అయినా మా నడకను తప్పలేదు. మూడోది పాడాను. *ఇగ ఇడిచి పోదామా.*

కుర్మయ్య ఇంకొక్క బొక్కెన అనలేదు. నన్ను చూశాడు.

"నాలుగోది అడుగు."

హాల్లో అందరూ ఆ మాట విన్నారు. వదిన మంచం తలవైపు కూర్చొని ఉంది. వీరేందర్ గోడకు ఆనుకున్నాడు. నేను ముందుకు కదలలేకపోయాను.

"అడుగు పంతులమ్మా. ఎంతసేపు నిలవెడతవు ఆయినను?"

పన్నెండు అడుగులు నడిచాను. *ఆఖరి మడి నిండెనా, గట్టు దాక తడిసెనా.* గోడ దగ్గరకు చేరేసరికి చరణం ముగిసింది. వెనుకకు తిరగలేదు. వెనుకకు నడిచాను, అలవాటైనట్టుగానే.

*నిండెరా మడి నిండెరా, గట్టు తడిసిపోయెరా*
*కాడి దించి ఎడ్ల ఇడువు, నీడపట్టున నిలువురా*

అన్న గాలి పీల్చుకున్నాడు. వదిలాడు. అది చాలా పొడుగ్గా, తీరికగా వచ్చింది. మరొకటి కోసం మేము ఎదురుచూశాము. చాలా ఆలస్యంగా వచ్చింది. దాని తరువాతది రాలేదు.

వదిన నోరు తెరిచింది. కుర్మయ్య అరచెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు. ఆయన పని ఇంకా కాలేదు. బొక్కెనలో మిగిలిన నీళ్లు కుమ్మరించే పిలుపు ఒకటి ఉంది, అది పాడాడు. మోకు విప్పే పిలుపు ఒకటి ఉంది, అదీ పాడాడు. తరువాత ఎడ్లను పేరుపేరునా పిలిచాడు. ముందు మా అన్న జతను, "మైలగా, దా. కర్రెగా, దా. సాలు బిడ్డా, సాలు." ఆ తరువాత తన జతను. ఇంతసేపూ మా వదిన కొంగును పళ్ల మధ్య బిగబట్టి, భర్త తల మీద చెయ్యి వేసి కూర్చొని ఉంది. ఎవ్వరమూ చప్పుడు చేయలేదు. ఇంత శ్రద్ధగా ఒక పాటను ఎవరైనా విన్నది నేను మరెక్కడా చూడలేదు.

కుర్మయ్య గోడ పట్టుకొని లేచాడు. తువ్వాలతో మొహం తుడుచుకొని, దానిని భుజం మీద వేసుకున్నాడు.

"ఇగ ఏడువుండ్రి," అన్నాడు.